చిన్న పరిశ్రమలు – మన బడిచదువు
(పొన్నేరి తెలుగువారి సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



మన పొన్నేరికి ఉత్తరమున రైలుదారిలోనే గుమ్మిడిపూండి పారిశ్రామికవాడ యున్నది. తడ దాటినచో శ్రీసిటీ. పెద్ద కర్మాగారములు తమకు కావలసిన వారిని ఎక్కడనుండియైనను తెచ్చుకొనగలవు. వాటికి విడిభాగములు చేసియిచ్చు చిన్న లేతు షాపువాని సంగతి వేరు. పదవ తరగతి గట్టెక్కిన పిల్లవానికి డ్రాయింగు చూచి కొలత చెప్పుట రాదు, జి.ఎస్.టి. రశీదు వ్రాయుట రాదు. ఇటు షాపునకు మనిషి లేడు, అటు మనిషికి పని లేదు.

బడిని వృత్తితో ముడివేయు యత్నము ఈ రాష్ట్రమునకు క్రొత్త గాదు. 1953లో, ఆంధ్ర రాష్ట్ర మేర్పడుటకు కొద్ది మాసములకు ముందు, రాజాజీ ప్రభుత్వము గ్రామములలోని ప్రాథమిక పాఠశాలల పనివేళను రోజుకు మూడు గంటలకు కుదించి, తక్కిన వేళ పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్వవలెనని పథకము పెట్టినది. కుమ్మరి బిడ్డ కుమ్మరిగానే, చాకలి బిడ్డ చాకలిగానే మిగులవలెనా యని జనులు తిరుగబడిరి. 1954లో కామరాజు ముఖ్యమంత్రి కాగానే అది రద్దయినది. అట్లు రద్దగుట న్యాయమే యని మా దృఢాభిప్రాయము. పని నేర్పుట అందలి దోషము గాదు. ఏ పని నేర్వవలెనో పుట్టుకయే నిర్ణయించుట దోషము. చదువును సగము కోయుట అంతకు మించిన దోషము.

1978లో హయ్యర్ సెకండరీ చదువుతోపాటు వృత్తివిద్యాశాఖయు వచ్చినది. కాని, మార్కులు తక్కువైన వానిని తోయు చోటుగనే మనము దానిని చూచితిమి. మన యిండ్లలోను ఈ చిన్నచూపు కలదు, దాచనేల?

1961 నాటి అప్రెంటిసు చట్టమున్నది. 2019 సవరణ ప్రకారము 30 మంది గాని అంతకు మించి గాని పనివారున్న సంస్థలు అప్రెంటిసులను తీసికొనక తప్పదు. నలుగురు మొదలు 29 మంది వరకు ఉన్నవారికి అది ఐచ్ఛికము. మన షాపులు చాలవరకు ఈ రెండవ తరగతివే. ఒంటరి యజమానికి కాగితముల పని భారము. నలుగురైదుగురు కలిసి, సమీపమున నున్న ఐ.టి.ఐ. తో మాటాడుకొన్నచో ఆ భారము తగ్గును.

ఇక మన భాష మాట. 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. ఇచ్చట బ్రతుకువారము, తమిళము నేర్వవలసినదే. అందుకు మనకు పేచీ లేదు. అయితే తెలుగు అన్నము పెట్టదని మనవారే దానిని మానిపించుట తగదు. సత్యవేడు ప్రాంతము 1960 సరిహద్దు మార్పునకు ముందు మన జిల్లాలోనిదే. నేడు శ్రీసిటీ యున్నది ఆ సీమయందే. అచ్చట సరకు అమ్ముటకు, కార్యాలయ పత్రములు చదువుటకు తెలుగక్షరము కావలెను. మన బిడ్డలు తెలుగు మాటాడుదురు గాని, బోర్డు చదువలేకున్నారు!

కావున ప్రభుత్వమును మనము మూడు కోరుచున్నాము. బడివేళ తగ్గింపకయే ఎనిమిదవ తరగతినుండి కొలతలు, లెక్కపద్దులు చేతితో చేయించి నేర్పవలెను. తెలుగు కోరు పిల్లలున్న బడులలో తెలుగు పంతుళ్ల ఖాళీలు నింపవలెను. ఆ తెలుగు పాఠములో పద్యముతోపాటు వ్యాపారలేఖయు ఉండవలెను.

షాపులుగల సభ్యులు తాము ఎందరిని, ఏ పనికి తీసికొనగలరో వ్రాసి వచ్చే సమావేశమునకు ముందుగా కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన. ఆ జాబితా లేక విజ్ఞాపనపత్రము పట్టుకొని పోయినచో అధికారులు మనలను అడుగు మొదటి ప్రశ్న అదే.