మా ఇంటి తరిమెన
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము. మెట్రిక్‌తో చదువు ముగించినవారము. వేదికలు మాకు కొత్త. అయినను కార్యదర్శిగారి మాట తీసివేయలేక, మా ఇంట ఒక పాత యంత్రమును బాగుచేసుకొన్న సంగతి మనవి చేస్తాము.

1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తి అయినది. మనవారు ఈ చాందా ప్రాంతానికి బొగ్గుగనులకని కొందరు, కాగితపు మిల్లుకని కొందరు వచ్చారు. మా నాన్నగారు వడ్రంగానికి వచ్చారు. 2023 మార్చిలో అయోధ్య మందిరపు తలుపులకు టేకు బయలుదేరినది మన బల్లార్షా నుంచే అని తమకు తెలిసినదే. ఇక్కడి టేకుతోనే నాన్నగారు మంచపు కోళ్ళు తరిమెన పట్టేవారు. తరిమెన అంటే లేతు; తిరుగుతున్న కర్రను ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రం. మాది కాలితో తొక్కేది. మోకాళ్ళ నొప్పులతో ఆయన పని మానిన తరువాత అది పెరట్లో తుప్పు పట్టినది. అమ్మ పోయిన పిదప ఆయన మాట్లాడుట కూడ తగ్గించారు. పాత ఇనుము కొనే అతను కిలోల లెక్కన ధర చెప్పినాడు. ఇంటిల్లిపాదీ ఆలోచించి, అమ్మరాదని నిశ్చయించాము.

విప్పకముందు ప్రతి భాగాన్నీ సెల్‌ఫోనులో ఫొటో తీసుకొన్నాము. పాత రంగులలో సీసము ఉండవచ్చును. పొడిగా గీకితే ఆ ధూళి పిల్లలకు విషము. అందుచేత తడిపి గీకి, ఆ చెత్తను మూటగట్టి వేరుగా ఉంచాము. తుప్పుకు కిరసనాయిలు, తీగల బ్రష్షు చాలినవి.

రంగు వేసినంతమాత్రాన యంత్రం బాగుపడదు. దానికి ప్రాణం ఇరుసు. ఇరుసు ఊగితే ఉలి అదురును, కర్ర గుండ్రంగా రాదు. మా తరిమెనకు కంచు బేరింగు రెండు చెక్కలుగా ఉన్నది. వాటి నడుమ పల్చని రేకులున్నవి. నాన్నగారు కుర్చీలో కూర్చుని, “ఒక్క రేకు తీసి బిగించండి, చాలకపోతే ఇంకొకటి” అన్నారు. రెండు తీసేసరికి ఊగుట పోయినది, చేతితో తేలికగా తిరిగినది. పిమ్మట కుడివైపు మొనను ఎడమవైపు మొన దగ్గరకు జరిపి చూశాము. రెండు మొనలు సూటిగా కలిస్తేనే తరిమెన సరిగా ఉన్నట్లు.

మిత్రులు మోటారు బిగించమన్నారు. ఆ పాత చక్రాలు అంత వేగానికి చేసినవి కావు, పట్టాకు కప్పు లేదు, ఇంట్లో పిల్లలున్నారు. అందుచేత వద్దనుకొన్నాము.

మా పెద్దవాడు ఏడవ తరగతి. బడిలో మరాఠీ, వీధిలో హిందీ. తాతగారితో రెండు ముక్కలకు మించి మాట్లాడేవాడు కాడు. ఇప్పుడు వాడు తొక్కుతాడు, ఆయన ఉలి పట్టించి చూపుతారు. మొదట బొంగరం అయినది, తరువాత పప్పుగుత్తి కాడ. మన ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అక్కడివారు వాడేది మెత్తని అంకుడు కర్ర. మన టేకులో ఇసుకవంటి పదార్థం ఉండుటవల్ల ఉలి త్వరగా మొద్దుబారును. మాటిమాటికీ సాన పట్టాలి. ఆ సాన దగ్గరే తాతామనుమల ముచ్చట్లన్నీ. చేవ, బాడిశ, చిత్రిక, బెజ్జం అనే మాటలు వాడికి అక్కడే వచ్చినవి.

సోదరులారా! యంత్రం పోతే ఇంకొకటి కొనవచ్చును. దానితో పోయే మాటలు ఏ బజారులోను దొరకవు. మీ ఇండ్లలో మగ్గమో, కొలిమితిత్తో, పాత కుట్టుమిషనో మూలపడి ఉండవచ్చును. అమ్మేముందు దాని భాగాల పేర్లు పెద్దలనడిగి నోటుబుక్కులో వ్రాసి సంఘానికి ఇవ్వండి. మా నాన్నగారు చెప్పిన ముప్పైమూడు మాటలు వ్రాసిన పుస్తకం ఇదిగో, కార్యదర్శిగారికి అందజేస్తున్నాము.

సెలవు.