ఇంటిమాటలు



మన జిల్లా పేరే యొక యింటిమాట. కడప యనఁగా గడప. తిరుమల క్షేత్రమునకు గడప గావున నీ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. అట్టి సీమవారమగు మనము ఇంటిమాటలను మఱచుట తగునా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందుఁ బాతకాలపు టిల్లనఁగా మిద్దె. గోడకును నేలకును నాపరాయి. పొరలుగాఁ జీలెడు సున్నపురాయి యిది. పొరుగుసీమలవారు దీనినే కడపరాయి యందురు. గోడలపై దూలము లెత్తి, వానిపై దంతెలు పేర్చి, కట్టెయు నాకును గప్పి, మట్టి పఱచి, తుదకుఁ జౌడు పోయుదురు. ఇతర ప్రాంతములవారి జంతెయే మన దంతె.

చౌడు పైరునకుఁ బగ, మిద్దెకుఁ జుట్టము. తడిసినంతనే మెత్తఁబడి సందులను బూడ్చి, నీటిని దిగనీయదు. ఏఁటేఁట వానలకు ముందు క్రొత్తచౌడు చల్లవలయును. చల్లని యేఁడు ఇల్లు కారును, దంతె పుచ్చును.

వెలుతురు వచ్చుటకును, పొగ పోవుటకును మిద్దెలో విడిచిన రంధ్రము గవాచి. ఇది సంస్కృత గవాక్షశబ్దమే. ఆవుకన్ను అని యర్థము. బడి యెఱుఁగని మేస్త్రీ నోటను ఈ పదము నిలిచినది. మేస్త్రీ యను మాటయో పోర్చుగీసువారి నుండి వచ్చినది; అల్మారాయు నట్టిదే. పరభాషాపదములు వచ్చినందుకు నాకు విచారము లేదు. ఉన్నవి పోవుచున్నందుకే విచారము.

ఇప్పుడు సిమెంటు కప్పులు వచ్చినవి. ఏఁటేఁట చాకిరి లేదు గనుక యువకులు వానినే కోరుట సహజము, వలదనను. కాని మిద్దెలింకను నిలిచిన యూళ్లు గలవు. ఇల్లు కారిననాఁడు దంతె యేదో, చౌడెక్కడ త్రవ్వవలయునో కొడుకునకుఁ దెలియకున్న, తాత కట్టిన యిల్లు పడఁగొట్టుటయే గతి.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును వెలువరించెను. పిదప ఇండ్ల నిర్మాణమునకు సంబంధించిన పదములను బూదరాజు రాధాకృష్ణగారు వేఱొక సంపుటముగాఁ గూర్చిరి. పనివారినే యడిగి వ్రాసికొన్న మాటలవి. గ్రంథము మాటను గాపాడును. చౌడు చల్లు నేర్పును మనమే కాపాడవలయును.

కావునఁ బెద్దలారా, వేసవి చివర మనుమని మిద్దెపైకిఁ బిలువుఁడు. ఒక్కొక్కదాని పేరు చెప్పుఁడు. ఒక తట్టెఁడు చౌడు వానిచేతనే చల్లింపుఁడు. పేరును పనియు రెండును వానికి దక్కును.