పంటి నొప్పికి అరువు మాత్ర వద్దు

సోనాపూర్, అల్ కూజ్, సజ్జా క్యాంపుల నుంచి వచ్చిన అన్నదమ్ములారా, జీతాలు, వీసాల గురించి ప్రతి ఏడాదీ మాట్లాడుకుంటాం. ఈసారి సూపర్‌వైజర్లం కొందరం కలిసి పంటి నొప్పి గురించి మాట్లాడతామని అడిగాం.

మన రూముల్లో పన్ను నొప్పి వస్తే ఏం జరుగుతుందో తెలిసిందే. మొదట లవంగం, తర్వాత పెనడాల్. అప్పటికీ తగ్గకపోతే పక్క మంచం తమ్ముడు పెట్టెలోంచి ఊరి మాత్రల స్ట్రిప్ తీస్తాడు. అందులో అమాక్సిసిలినో, మెట్రోనిడజోలో నాలుగు మిగిలి ఉంటాయి. అవి వేసుకుంటే వాపు తగ్గినట్టే ఉంటుంది. నెల తిరిగేసరికి అదే పన్ను, ఇంకా పెద్ద వాపు.

ఎందుకు? గోడ లోపల పైపు కారుతుంటే బయట పెయింట్ వేస్తే చెమ్మ ఆగుతుందా? పన్ను పుచ్చి లోపలి నరం చచ్చిపోయాక అక్కడికి రక్తం అందదు. రక్తం అందని చోటికి మందూ సరిగా చేరదు. బాక్టీరియా లోపలే కూర్చుని ఉంటుంది. డాక్టర్ చీము తీయాలి, రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను పీకాలి. అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచనలూ ఇదే చెబుతున్నాయి: చాలా పంటి నొప్పులకు కావాల్సింది పంటి వైద్యం, యాంటీబయాటిక్ కాదు. జ్వరం వచ్చినా, వాపు పాకుతున్నా యాంటీబయాటిక్ అవసరం పడుతుంది. ఏది, ఎన్ని రోజులో డాక్టరే చెప్పాలి.

ఊరికే వేసుకున్న ప్రతిసారీ మందుకు లొంగే బాక్టీరియా చస్తుంది, లొంగనిది మిగిలి పెరుగుతుంది. నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజున ఆ మందు పనిచేయదు. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బాక్టీరియా వల్ల ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఈ మందుల వెనుక మనవాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిన కాలంలోనే తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ వచ్చింది. అంత కష్టపడి తెచ్చినదాన్ని మనం చాక్లెట్లలా పంచుకుంటున్నాం.

అరువు మాత్రతో ఇంకో ప్రమాదం ఉంది. పెన్సిలిన్ జాతి మందు పడనివాళ్లకు ఒక్క మాత్రతోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇక్కడ చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదు. ఫార్మసీ అతను ఇవ్వకపోతే అది మనమీద కక్ష కాదు. ఊరి నుంచి నొప్పి మాత్రలు తెప్పించుకునేవాళ్లూ జాగ్రత్త. ట్రామడాల్, కోడీన్ ఉన్నవి ఇక్కడ నియంత్రిత మందులు, అనుమతి లేకుండా తెస్తే కేసు అవుతుంది.

డబ్బు సంగతి దాటేయం. కొన్ని ఇన్సూరెన్స్ కార్డుల్లో పంటి వైద్యం అత్యవసరానికే పరిమితం. మీ కార్డులో ఏముందో నొప్పి రాకముందే కంపెనీ ఆఫీసులో అడగండి. చిన్న పుప్పి ఉండగానే పూడిస్తే ఖర్చు తక్కువ. సెలవుకు ఊరెళ్తే మొదటి వారంలోనే పళ్లు చూపించుకోండి. రూట్ కెనాల్‌కు రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు. తిరుగు ప్రయాణం ముందురోజు వెళ్తే చేతికొచ్చేవి మాత్రలే.

తోటి సూపర్‌వైజర్లకు ఒక మాట. రాత్రంతా నిద్రలేని మనిషిని స్కాఫోల్డింగ్ ఎక్కించడం కన్నా అరపూట క్లినిక్‌కు పంపడం మేలు.

చివరిగా ఇది గుర్తుంచుకోండి. దవడ కింద వాపు పాకడం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. ఆ నెంబరు ప్రతి రూము తలుపు మీదా రాసి పెడదాం.