కోపం మరమగ్గం మీద కాదు

ఎనిమిదో తరగతి చదువు నాది, రెండు ముక్కల్లో చెప్తాను.

షోలాపూర్, భివండిలో మనవాళ్లే ఎంతోమంది మరమగ్గాల మీద బతుకుతున్నారు. వాళ్ల కూటి మీద మనకు కోపం లేదు. మరమగ్గం చీరను చేనేత అని అమ్మడమే తప్పు.

1985లో కేంద్రం చట్టం చేసి 22 రకాల బట్ట చేనేతకే అన్నది. 1993లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందన్నది. ఇప్పుడు మిగిలినవి 11.

యంత్రానికి సర్కారు అడ్డు రాకూడదంటారు కొందరు. యంత్రాన్ని ఆపమని మనం అడగట్లేదు, కొనేవాళ్లకు నిజం చెప్పమంటున్నాం. దానికి అంగళ్లలో తనిఖీ కావాలి. అది సర్కారు పని.

మన పని ఒకటుంది. మన ఇంటి బట్టకు చేనేత మార్కు వేయిద్దాం, మన చేత్తో దొంగ సరుకు కలపొద్దు. అప్పుడే గట్టిగా అడగగలం.

సెలవు.