23వ కీర్తన వల్లించిన బాలుడు

(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ దినము మీకు ఒక పిల్లవాని సంగతి చెప్పాలని ఉంది. పేరు డోనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రములో ఫారెస్ట్ అనే చిన్న ఊరిలో 1933 సెప్టెంబరులో పుట్టాడు. తండ్రి వకీలు. తల్లి ఆ ఊరి బ్యాంకు నడిపే కుటుంబపు ఆడపడుచు. పిల్లవానికి రెండేళ్ల ప్రాయములోనే 23వ కీర్తన నోటికి వచ్చింది. ప్రెస్బిటేరియన్ సంఘపు ప్రశ్నోత్తరములలో 25 ప్రశ్నలకు జవాబులు వచ్చాయి. మన సండేస్కూలు టీచర్లు ఇది వింటే, అలాంటి పిల్లవాడు మా క్లాసులో ఒక్కడుంటే చాలు అనుకుంటారు.

అయితే అదే పిల్లవాడు తల్లి పిలిస్తే తల తిప్పేవాడు కాడు. తండ్రి సాయంత్రం ఇంటికి వచ్చాడా లేదా అన్నది పట్టేది కాదు. ఒకసారి క్రిస్మస్ తాత వేషములో మనిషిని ఎదుట నిలబెడితే అతనివైపు చూడనైనా చూడలేదు. గిన్నె మూతలు, చక్రాలు, గుండ్రంగా తిరిగేది ఏదైనా దొరికితే దాన్ని నేలమీద తిప్పుతూ గంటలు గడిపేవాడు. ఎవరైనా ఆపితే ఇల్లంతా అదిరేలా కేకలు పెట్టేవాడు.

1937లో, డాక్టర్ల సలహా మీద, నాలుగేళ్లయినా నిండని ఆ బిడ్డను తల్లిదండ్రులు ఒక సంస్థలో ఉంచారు. అది క్షయ సోకే ప్రమాదమున్న పిల్లల కోసము కట్టినది. నెలకు రెండుసార్లు చూడనిచ్చేవారు. అక్కడ ఆ బిడ్డ దేనినీ పట్టించుకోకుండా కదలక మెదలక కూర్చునే స్థితికి వచ్చాడు. ఏడాది తరువాత, పై అధికారి వద్దంటున్నా వినక, వారు బిడ్డను ఇంటికి తెచ్చుకున్నారు. తండ్రి కూర్చుని, కొడుకు ఏమి చేస్తాడో ఏమి చేయడో అంతా 33 పేజీల ఉత్తరముగా రాయించి బాల్టిమోర్‌లోని డాక్టర్ లియో కానర్‌కు పంపాడు. కానర్ ఆ పిల్లవానిని చూశాడు, అలాంటివారే మరికొందరిని చూశాడు. 1943లో 11 మంది పిల్లలను గురించి ఒక వ్యాసము ప్రకటించాడు. ఆటిజం అని ఈనాడు మనము వింటున్న మాటకు వైద్యములో పునాది ఆ వ్యాసమే. అందులో మొదటి పిల్లవాడు మన డోనాల్డ్.

డాక్టరు పేరు పెట్టాడు. పెంచే పని తల్లిదండ్రులకు మిగిలింది. ఆ పనిలో వారికి తోడు నిలిచినవారు, ప్రియులారా, ఒక రైతు, అతని భార్య. ఈ భాగము నాకు చాలా ఇష్టము, కాబట్టి కొంచెం నిదానముగా చెప్తాను.

1942లో, తొమ్మిదేళ్ల వయసులో, డోనాల్డ్‌ను ఊరికి దగ్గరలోని ఒక పొలములో ఆ దంపతుల దగ్గర ఉంచారు. పిల్లవానికి ఏది కనిపించినా కొలిచే అలవాటు. రైతు విసుక్కోలేదు. బావి తవ్వుతుంటే, ఎంత లోతు వచ్చిందో కొలిచి చెప్పే పని అతనికిచ్చాడు. చచ్చిన పిట్టలను, పురుగులను ఏరి తెచ్చే అలవాటు. దానికి పొలములో ఒక మూల చూపించి, ఇది నీ సమాధుల తోట, ఇక్కడ పాతిపెట్టు అన్నాడు. పిల్లవాడు ఒక్కొక్క సమాధి మీద ఒక గుర్తు నాటి, ఆ ప్రాణికి ఒక పేరు పెట్టి, చివర ఆ రైతు ఇంటిపేరు తగిలించేవాడు! నత్తకు కూడా ఇంటిపేరు దొరికింది. మొక్కజొన్న సాళ్లను మళ్లీ మళ్లీ లెక్కపెట్టే అలవాటు. సరే, నాగలి పట్టి దున్నుతూ లెక్కపెట్టు అన్నాడు రైతు. 1945లో డాక్టర్ కానర్ చూడబోయినప్పుడు ఆ పిల్లవాడు గుర్రాన్ని తోలుతూ ఆరు పొడుగాటి సాళ్లు చక్కగా దున్ని చూపించాడు. ఆ పల్లెటూరి బడిలో అతని వింత అలవాట్లను ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ రైతు మనస్తత్వశాస్త్రము చదివినవాడు కాడు. పిల్లవాని అలవాటును విరిచేయాలని చూడలేదు. దానిని పొలము పనికి కట్టాడు. అంతే.

ఇక ఆ కాలములో చదువుకున్నవారు చేసిన పని వినండి. ఇలాంటి పిల్లలు ఎందుకు పుడతారు అంటే, తల్లి మనసు చల్లబడిపోయినందువల్ల, తల్లి ప్రేమించనందువల్ల అన్నారు. ఆ తల్లులకు ఫ్రిజ్ తల్లులు అని పేరు కూడా పెట్టారు. కానర్ స్వయముగా అలాంటి మాటలు కొన్ని అన్నాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఒక పుస్తకము రాసి ఆ నిందను లోకమంతా చాటాడు. ఇరవై ఏళ్లకు పైగా ఎంతమంది తల్లులు రాత్రులు ఏడ్చి ఉంటారో ఆలోచించండి. అది శుద్ధ అబద్ధము. ఆటిజం పుట్టుకనుండి మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా, అందులో వంశము నుండి వచ్చేది చాలా ఉంది అని తరువాతి పరిశోధన తేల్చింది. టీకాల వల్ల వస్తుందని 1998లో ఒక డాక్టరు రాసినదానిని, అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయము మీకు తెలిసినదే. పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు అడిగిన మొదటి ప్రశ్న, ఇతనికి ఆకలిగా ఉందా అని కాదు. ఎవరు పాపము చేశారు, వీడా, వీని తల్లిదండ్రులా అని. ప్రభువు ఇద్దరి మీదా ఆ నింద పడనివ్వలేదు. మరి ఆ ప్రశ్నను మన సంఘాలు ఇంకా ఎందుకు అడుగుతున్నాయి?

ఊరికే అనడం లేదు. ఒక సోదరి మాకు ఉత్తరము రాసింది. ఊరు, పేరు చెప్పను. ఆమె కుమారునికి ఆరేళ్లు, మాటలు రావు. ఆరాధనలో డోలక్, మైకు మోగితే చెవులు మూసుకుని అరుస్తాడు. సంఘపెద్దలు వచ్చి, అమ్మా, ఆరాధన అయ్యాక తీసుకురా, ప్రార్థన చేసి పంపుతాము అన్నారట. ఒక ఉపవాస కూటములో అతనికి దయ్యము పట్టిందని నలుగురు గట్టిగా పట్టుకుని, తలమీద చేతులతో కొట్టి గద్దించారట. బిడ్డ ఆ తరువాత మందిరము గుమ్మము చూస్తేనే వణుకుతున్నాడు. ఆమె చివర అడిగింది: అయ్యగారూ, నేను ఏ పాపము చేశాను?

అమ్మా, నీవు ఏ పాపమూ చేయలేదు. నీ కుమారునికి దయ్యము పట్టలేదు. ఆ బిడ్డ చెవికి ఆ శబ్దము మనకు వినిపించినట్లు వినిపించదు, బాధగా తగులుతుంది. బాధ కలిగిన బిడ్డ అరుస్తాడు. బిడ్డను కొట్టే ప్రార్థనకు వాక్యములో ఆధారము నాకు ఎక్కడా కనిపించలేదు. సేవకులైన నా సహోదరులు వింటుంటే వారికీ ఇదే చెప్తున్నాను.

లోపల నుండి అది ఎలా ఉంటుందో చెప్పగలిగినవారు కొందరున్నారు. టెంపుల్ గ్రాండిన్ 1947లో బోస్టన్‌లో పుట్టింది. మూడేళ్లు దాటినా మాటలు లేవు. సంస్థలో వేయమన్నారు, తల్లి ఒప్పుకోలేదు. ఇంట్లో మనిషిని పెట్టి, మాట నేర్పేవారిని పెట్టి, వంతులవారీగా ఆడే ఆటలు ఆడించింది. ఆ అమ్మాయి పెద్దయ్యాక రాసిన పుస్తకాలలో, తాను మాటలతో కాక బొమ్మలతో ఆలోచిస్తానని చెప్పింది. గుడిగోపురము అంటే మనకు ఏదో ఒక గోపురము తోస్తుంది. ఆమెకు తాను చూసిన చర్చి గోపురాలు ఒకదాని తరువాత ఒకటి కళ్లముందు తిరుగుతాయి. చిన్నప్పుడు ప్రభువు ప్రార్థన ఆమెకు బొత్తిగా అర్థము కాలేదట. శక్తి అనే మాట దగ్గర కరెంటు టవరును, మహిమ దగ్గర ఇంద్రధనుస్సును ఊహించుకున్నాకనే అర్థమయిందట. ఇంగ్లీషు ప్రార్థనలో అపరాధములకు వాడే మాటే, మా స్థలములోకి రావద్దు అని తగిలించే బోర్డుల మీద కూడా ఉంటుంది. అందుకని ఆ మాట దగ్గర ఆమెకు పొరుగువారి చెట్టుకున్న బోర్డు కనిపించేది. నవ్వకండి. మనలో ఎంతమందికి ఆ ప్రార్థన పలికేటప్పుడు కళ్లముందు ఏదైనా కనిపిస్తుంది?

ఆ బొమ్మల బుద్ధే ఆమెకు బ్రతుకుతెరువు అయింది. పశువులు నడిచే దారిలో ఎందుకు బెదిరి ఆగిపోతాయో ఎవరికీ తెలియకపోతే, ఆమె తానే ఆ సందులోకి దిగి పశువు కళ్లెత్తున చూసింది. వ్రేలాడే గొలుసు, నేలమీద నీడ, నీళ్లగుంటలో మెరుపు, కంచె మీద ఎవరో వేసిన కోటు. అవి తీసేస్తే పశువు నడిచింది, కర్రతో పని లేకపోయింది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయములో ఆమె పశుశాస్త్ర ఆచార్యురాలు.

లండన్‌లో 1974లో పుట్టిన స్టీఫెన్ విల్ట్‌షైర్‌కు చిన్నప్పుడు మాటలు లేవు, బొమ్మలు గీసేవాడు. బడిలో టీచర్లు కాగితాలు దాచిపెట్టి, అడిగితేనే ఇచ్చేవారు. అతని మొదటి మాట కాగితము. 2005లో టోక్యో నగరాన్ని హెలికాప్టరులో ఒకసారి చుట్టి చూసి, పది మీటర్ల గుడ్డ మీద జ్ఞాపకము నుండి గీశాడు. స్కాట్లాండు గాయని సూసన్ బోయిల్‌ను మీరు ఎరుగుదురు, ఆమె తన ఊరి చర్చిలో పాడుకునే మనిషి. పుట్టినప్పుడు మెదడు దెబ్బతిన్నదని ఆమెకు జీవితమంతా చెప్పారు. 2012లో, 50 ఏళ్లు దాటాక, ఆస్పర్జర్ అని తేలింది. అప్పటికి ఆమె పాట లోకమంతా విన్నది. 2002లో అర్థశాస్త్రములో నోబెల్ పొందిన వెర్నన్ స్మిత్ తనకూ ఆ లక్షణాలున్నాయని బహిరంగముగా చెప్పారు. న్యూటన్, ఐన్‌స్టీన్ పేర్లు కూడా ఈ జాబితాలో చెప్తుంటారు. వారిని ఏ డాక్టరూ ఆ దృష్టితో పరీక్షించలేదు, కాబట్టి నేను చెప్పను. చనిపోయినవారికి జబ్బులు అంటగట్టడం మనకెందుకు?

ఇంకొక మాట. ఇవన్నీ విని, రేపు ఆటిజం ఉన్న బిడ్డ తల్లి ఎదురైతే, మీ వాడికి ఏ ప్రతిభ ఉంది అని అడగకండి. 1988లో రెయిన్ మ్యాన్ సినిమా వచ్చినప్పటినుండి ఆ తల్లులకు ఈ బాధ ఒకటి కలిసింది. ఇలాంటి పిల్లలలో చాలామందికి అబ్బురపరిచే విద్యలు ఏమీ ఉండవు. కొందరికి జీవితాంతము మాట రాదు, చొక్కా బొత్తాము పెట్టేవారు కావాలి. వారు నోబెల్ తెస్తే తప్ప మందిరములో చోటు లేదా?

డోనాల్డ్ సంగతికి వస్తాను. 87ను 23తో హెచ్చించమంటే కళ్లు మూసుకుని 2001 అనేవాడు, నిజమే. కాని అతని జీవితములో గొప్ప సంగతి అది కాదు. హైస్కూలు ముగించాడు. 1958లో మిల్సాప్స్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నాడు. ఊరి బ్యాంకులో పనిచేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా ముప్పైకి పైగా దేశాలు తిరిగి వచ్చాడు. పరిచయస్థులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క నెంబరు ఇచ్చేవాడు, ఏళ్లు గడిచినా ఎవరి నెంబరు ఏదో మరువలేదు. వారు కూడా ఆ నెంబరును ముచ్చటగా చెప్పుకునేవారు.

1980వ దశకములో తల్లి, తండ్రి ఇద్దరూ పోయారు. ఈ మాట దగ్గర చాలా ఇండ్లలో గుండెలు ఆగుతాయని నాకు తెలుసు. మేము పోయాక వీడి గతి ఏమిటి? ఈ ఒక్క ప్రశ్నతో ఎందరో తల్లిదండ్రులకు నిద్ర ఉండదు. ట్రిప్లెట్ కుటుంబానికి డబ్బు ఉంది, ఆ సంగతి దాచను. ఇంటి ఖర్చులకు వారు ముందే ఏర్పాటు చేసి పోయారు. అయినా డబ్బు మనిషిని పలకరించదు. ఇద్దరు విలేఖరులు అతని కథ రాయడానికి ఆ ఊరికి వెళ్తే, డాన్‌కు బాధ కలిగించారా, మిమ్మల్ని ఎక్కడ పట్టుకోవాలో మాకు తెలుసు అనే అర్థము వచ్చేలా ఊరివారు ఒకరి తరువాత ఒకరు వారిని హెచ్చరించారట. అతడు పుట్టిన ఊరిలో, తన ఇంటిలో, వారి మధ్య 2023 జూన్ వరకు బ్రతికాడు. 89 ఏళ్లు.

మన ఊళ్లలో ఏమి చేయవచ్చు? ఏడాది నిండినా పేరు పిలిస్తే చూడని బిడ్డను, వేలు పెట్టి ఏదీ చూపించని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డను, మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే అని వదలక డాక్టరుకు చూపించండి. చిన్నపిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించే కేంద్రాలు జిల్లా ఆసుపత్రులలో ఉన్నాయి. సికింద్రాబాదులో మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 1984 నుండి ఈ పనిలో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజం చేరింది, సర్టిఫికెట్టు తీసుకునే హక్కు మీకుంది, సిగ్గుపడకండి. పూర్తిగా నయము చేస్తామని మందులు, ఇంజెక్షన్లు, నూనెలు అమ్మేవారికి పొలము అమ్మి డబ్బు పోయకండి. అలాంటి మందు లేదు. మాట, పని, ఆట ఓపికగా నేర్పడమే ఉంది.

సంఘపెద్దలారా, గుమ్మము దగ్గర, స్పీకరుకు దూరముగా, ఒక బెంచీ ఆ కుటుంబాల కోసము ఉంచండి. బిడ్డ లేచి బయటికి పోయి మళ్లీ వస్తే ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి. వాడు చాపలు లెక్కపెడితే చాపలు పరిచే పని వాడికివ్వండి. తల్లి ఒక్క అరగంట వాక్యము వినేలా, వంతులు వేసుకుని యవ్వనస్థులు ఆ బిడ్డ దగ్గర కూర్చోండి. ఈ వచ్చే ఆదివారము నుండే.

ఉత్తరము రాసిన సోదరీ, నీ జవాబు వేరుగా పోస్టులో వస్తుంది. నీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక కాపరిగారితో మాట్లాడాను. వారి మందిరములో మైకు లేదు. ప్రభువు మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.