నడుం నొప్పి – ఒక రక్తపరీక్ష
(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. లాబరేటరీలో ముప్ఫయ్యేళ్లు రక్తం, మూత్రం పరీక్షించి రిటైరైనవాణ్ణి. అందుకని ఒక్క పరీక్ష గురించే మాట్లాడతాను.

మా అన్నయ్యకు అరవై ఏడో ఏట నడుం నొప్పి మొదలైంది. వయసు నొప్పేనన్నారు అందరూ. నేనూ అన్నాను. ఎనిమిది నెలలు నొప్పి మాత్రలు మింగాడు, నీరసానికి టానిక్కు తాగాడు. మూత్రం నేనే పరీక్షించాను. స్ట్రిప్పు ముంచి 'ప్రొటీన్ లేదు' అని నా చేత్తోనే రాశాను. మూత్రపిండాలు దెబ్బతిన్నాక తేలింది, అది మల్టిపుల్ మైలోమా అని. ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్.

రోగాలతో పోరాడే యాంటీబాడీలను ప్లాస్మా కణాలు తయారుచేస్తాయి. ఒక కణం అదుపుతప్పి తన సంతతినే పెంచుకుంటూ పోతే, ఒకే అచ్చులో పోసినట్లు ఒకే రకం ప్రొటీన్ రక్తంలో పేరుకుంటుంది. సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్షలో అది ఒక సన్నని పట్టీగా కనబడుతుంది. దాన్ని 'ఎం బ్యాండు' అంటాం.

1845లోనే లండన్‌లో ఒక వ్యాపారి మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్యుడికి పంపారు. అందులోని ప్రొటీన్ బాగా మరిగిస్తే కరిగేది, చల్లారితే మళ్లీ గడ్డకట్టేది. అది యాంటీబాడీలో ఒక ముక్క, లైట్ చెయిన్ అని 1962లో గాని తేలలేదు. మామూలు స్ట్రిప్పు ముఖ్యంగా ఆల్బుమిన్‌నే పసిగడుతుంది. ఇది దానికి చిక్కకపోవచ్చు. ఈ సంగతి చదువుకున్నవాణ్ణే, అన్న విషయంలో తట్టలేదు.

జబ్బు తీవ్రత చెప్పేది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, అదీ రక్షణవ్యవస్థకు చెందిన అణువే. 2005 నాటి అంతర్జాతీయ విభజన ప్రకారం లీటరుకు 3.5 మిల్లీగ్రాముల లోపుండి, ఆల్బుమిన్ తగ్గకపోతే మొదటి దశ, 5.5, ఆపైన ఉంటే మూడో దశ. మూత్రపిండాలు చెడినా ఇది పెరుగుతుంది, అందుచేత అంకె ఒక్కటీ చూసి బెంబేలు పడరాదు.

ఎం బ్యాండు కనబడగానే క్యాన్సరనీ కాదు. యాభై దాటినవారిలో సుమారు నూటికి ముగ్గురికి ఏ జబ్బూ లేకుండానే ఉంటుంది. అలాంటివారిలో ఏడాదికి నూటికి ఒకరికి మాత్రమే అది ముదిరి జబ్బుగా మారుతుంది. వారు అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. ఆరోగ్యంగా ఉన్నవారంతా రేపే లాబరేటరీకి పరుగెత్తనక్కరలేదు.

తగ్గని నడుం నొప్పి, రక్తహీనత, క్రియాటినిన్ పెరగడం – ఇవి జతకూడితే మాత్రం డాక్టరుగారి దగ్గర ఈ పరీక్ష మాట ఎత్తండి. కొందరిలో ఎం బ్యాండు కనబడదు కనుక ఫ్రీ లైట్ చెయిన్ పరీక్ష గురించీ అడగండి. రెండు పేర్లూ చీటీలమీద రాసి తెచ్చాను. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.