హమ్టా కనుమ దారిలో మేము నేర్చుకొన్నది

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాలుగా చేరినవాళ్ళం. సరుకుల రసీదులు రాయడం చేతనవును గాని సభలో మాట్లాడడం చేతకాదు. అయినా కార్యదర్శిగారు “హిమాలయాలకు పోయి వచ్చారు గదా, ఆ నాలుగు ముక్కలూ చెప్పండి” అని పట్టుబట్టారు. వారి మాట తీసివేయలేక నిలుచున్నాము. తప్పులుంటే మన్నించండి.

మేము ఐదుగురం ఖుర్దారోడ్డులో పుట్టి పెరిగినవాళ్ళం. మా తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపునుంచి ఇక్కడికి వచ్చారు. మేము ఎక్కిన పెద్దకొండ అంటే మహేంద్రగిరి ఒక్కటే. దాని ఎత్తు సుమారు 1,500 మీటర్లు. అది ఎక్కి దిగి, ఇక హిమాలయమెంత అనుకొన్నాము. 2024 సెప్టెంబరులో పాసులు రాయించుకొని పురుషోత్తం ఎక్స్‌ప్రెస్సులో ఢిల్లీకీ, అక్కడినుంచి రాత్రి బస్సులో మనాలికీ చేరాము.

మనాలి కులూ లోయలో సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడికి తూర్పుగా కొండలెక్కి హమ్టా కనుమ దాటితే లాహౌల్ ప్రాంతం వస్తుంది. కనుమ ఎత్తు సుమారు 4,270 మీటర్లు, అనగా 14,000 అడుగులు. గొర్రెల కాపరులు మందలను తోలుకొనిపోయే పాతదారి ఇది. నడక నాలుగు రోజులు. మాకు దారి చూపడానికి ఆ ప్రాంతపు గైడొకరు, ఆయనకు తోడు ఒక కుర్రవాడు కుదిరారు. గుడారాలూ వంటసామానూ కంచరగాడిదలు మోశాయి. మా బట్టలూ పడకలూ మా వీపులమీదనే.

గైడు మనాలిలో రెండు రాత్రులుండి ఒళ్ళు అలవాటు చేసుకోమన్నారు. మేము సెలవు లెక్క చూసుకొని ఒక్క రాత్రితో సరిపెట్టాము. మొదటి తప్పు అది.

మొదటిరోజు జోబ్రా దాకా జీపులో పోయి, అక్కడినుంచి దేవదారు చెట్లకిందా భూర్జ చెట్లకిందా నడిచి చికా చేరాము. రెండవరోజు చెట్లు వెనకబడ్డాయి. ఏటి ఒడ్డున పచ్చిక, రాళ్ళు, ఇరువైపులా గోడలవంటి కొండలు. సాయంకాలానికి బాలూ కా ఘేరాలో గుడారాలు వేశారు. అక్కడి ఎత్తు సుమారు 3,600 మీటర్లు.

ఆ రాత్రి మాలో ఒకడికి తలనొప్పి పట్టుకొన్నది. స్టోర్సులో పనిచేసే వాడు, మా అందరికన్న బలశాలి. వాంతి కూడా అయినది. మేము ఏమి చేశామో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. తలనొప్పి మాత్ర ఒకటి చేతికిచ్చి, “ఒరేయ్, గైడుతో అనకు. అంటే వెనక్కు పంపిస్తాడు. తెల్లవారితే అదే తగ్గుతుంది” అని చెప్పాము. ఇంత ఖర్చు పెట్టి వచ్చామే అన్న బాధ తప్ప వాడి బాధ మాకు పట్టలేదు.

మేము చెప్పకపోయినా గైడు కనిపెట్టారు. తెల్లవారుజామున వాడి గిన్నెలో గంజి అలాగే ఉండడం చూశారు. కరోనా నాడు మనందరికీ పరిచయమైన ఆక్సిమీటరు వాడి వేలికి తగిలించారు. మా వేళ్ళమీద 86, 88 చూపిన పరికరం వాడికి 71 చూపినది. తరువాత నేలమీద ఒక గీతగీసి, మడమకు వేలు ఆనించి దానిమీద నడవమన్నారు. వాడు రెండడుగులు వేసి పక్కకు తూలాడు.

గైడు కోపపడలేదు. “తాగినవాడిలాగ తూలితే మెదడుకు వాపు మొదలైనదేమోనని భయపడాలి. దీనికి మందు కిందికి దిగడమే. ఇప్పుడే దిగాలి” అన్నారు.

కారణం కూడా ఆయనే చెప్పారు. ఎత్తుకు పోయినా గాలిలో ప్రాణవాయువు పాలు నూటికి 21 వంతులే. కాని గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. 14,000 అడుగుల వద్ద సముద్రతీరపు ఒత్తిడిలో సుమారు 60 వంతులే ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క శ్వాసకూ అందేది తక్కువ. ఒంటికి అలవాటు కావడానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకొనే చోటు రోజుకు 500 మీటర్లకంటె పెంచకూడదట. బలవంతుడా బలహీనుడా అని కొండ చూడదట.

కుర్రవాడు వాడిని తీసుకొని దిగాడు. మాలో ఒకడు “నేనూ పోతాను, వాడిని ఒంటరిగా పంపలేను” అని మూట ఎత్తుకొన్నాడు. మిగతా ముగ్గురం తలవంచుకొని నిలబడ్డాము.

ఆనాడు కనుమ దాటాము. పది అడుగులకొకసారి నిలిచి ఊపిరి తీసుకొంటూ ఎక్కాము. పైన ఇంద్రాసన్ శిఖరం తెల్లగా మెరుస్తున్నది. వెనకవైపు పచ్చని కులూ, ముందువైపు గడ్డిపరక కూడా అరుదైన లాహౌల్. వానమేఘాలను ఈ కొండవరుసే చాలావరకు ఆపివేస్తుందట. ఇంత వింత చూస్తూ కూడా మేము ముగ్గురం మాట్లాడుకోలేదు. కింద వాడు ఎలా ఉన్నాడో అన్నదే అందరి మనసులోనూ.

ఆ రాత్రి షియాగోరులో ఉండి, మరునాడు చంద్రానది ఒడ్డునున్న ఛత్రూకు దిగాము. అక్కడినుంచి బండిలో, 2020లో తెరిచిన అటల్ సొరంగం మీదుగా మనాలికి వచ్చాము. మా స్నేహితుడు సత్రం అరుగుమీద కూర్చుని టీ తాగుతున్నాడు. జోబ్రా దిగేసరికే తలనొప్పి సగం తగ్గినదట. మనాలిలో డాక్టరు చూసి భయం లేదన్నారట. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. “కనుమ బాగుందా?” అని మాత్రం అడిగాడు. మా కళ్ళు చెమర్చాయి.

అయ్యలారా, లైన్‌క్లియరు లేనిదే డ్రైవరు బండి కదపడు. ఆలస్యమవుతున్నదని ప్రయాణికులు ఎంత గోల చేసినా కదపడు. ఇది రోజూ చూసే మేము కొండమీద ఆ మర్యాద మరిచాము. గైడుకు డబ్బిచ్చాము గాని నిజం చెప్పలేదు. నిజం చెప్పనివాడికి ఎంత మంచి గైడైనా ఏమి దారి చూపగలడు?

ఇక్కడి యువకులు కొందరు ఈ ఏడు హిమాలయాలకు పోవాలనుకొంటున్నట్టు విన్నాము. తప్పక పోండి. సెలవు రెండు రోజులు ఎక్కువ పెట్టండి. తలనొప్పి వస్తే దాచకండి. తోటివాడికి వస్తే అసలే దాచకండి. కనుమ ఎక్కడికీ పోదు, మరో ఏడు దాటవచ్చును.

ఈ సెప్టెంబరులో మేము మళ్ళీ వెళ్ళాలనుకొంటున్నాము. ఐదుగురమూ కలిసి, మనాలిలో రెండు రాత్రులుండి మరీ.